సర్వరు మూసలు: ఓపెన్‌వీజెడ్ పద్ధతి గుణదోషములు

పులివెందుల ప్రాంతమున చీనీ తోటలు విరివిగా కలవు. మంచి తల్లిచెట్టు నుండి కన్ను తీసి, జంబేరి వంటి వేరుమొక్కపై అంటుకట్టి చీనీని పెంచుదురు. తల్లిచెట్టులో ట్రిస్టెజా వైరస్ ఉన్నచో, ఆ కన్నులతో కట్టిన అంట్లకును అది సోకును. కంప్యూటర్ సర్వరులలో వాడు "మూస" స్వభావము కూడ ఇట్టిదే.

ఒక పెద్ద సర్వరును పలు చిన్న సర్వరులుగా పంచుకొనుటకు కంటైనర్ పద్ధతి ఉపయోగపడును. కంటైనర్లన్నిటికిని కెర్నెల్ ఒక్కటే. అది తోటకంతకు నీరిచ్చు బావి వంటిది. కెర్నెల్ మినహా తక్కిన గ్రంథాలయములు, ప్రోగ్రాములు దేనివి దానికే వేరు. 2005లో వెలువడిన ఓపెన్‌వీజెడ్ ఈ పద్ధతిని లినక్సులో ప్రచారమునకు తెచ్చినది. దానిలో మూస యనగా, డెబియన్, సెంటోఎస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ దస్త్రములన్నిటిని కుదించి కట్టిన మూట. ఆ మూటను విప్పిన చాలును, క్రొత్త కంటైనర్ సిద్ధమగును.

ఇందలి సుగుణమును కాదనలేము. ప్రొద్దుటూరు, పులివెందులలలో ఇంజనీరింగు కళాశాలలు కలవు. అట్టి చోట 60 మంది విద్యార్థులకు తలకొక సర్వరు కావలెననుకొందము. 60 యంత్రములు కొననక్కరలేదు; ఒక మూసతో, ఒక యంత్రముపై పని జరుగును.

అయితే మూస యనునది ఒకనాటి ఛాయాచిత్రము. అది కట్టిన నాటి గుణములతోబాటు ఆనాటి లోపములును ప్రతి కంటైనర్‌లోనికి వచ్చును. 2014 ఏప్రిల్ 7న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయములోని "హార్ట్‌బ్లీడ్" లోపము వెల్లడియైనది. దానివలన సర్వరు జ్ఞాపకములోని రహస్యములను పరులు చదువగలిగిరి. 1.0.1 నుండి 1.0.1ఎఫ్ వరకు ఈ లోపముండెను, 1.0.1జి దానిని సరిదిద్దినది. జమ్మలమడుగులోని ఒక ఉన్నత పాఠశాల మార్కుల పట్టికలు అట్టి కంటైనర్‌లో ఉన్నవనుకొనుడు. కెర్నెల్‌ను ఎంత నవీకరించినను అవి భద్రము కావు. లోపము బావిలో లేదు, మొక్కలో ఉన్నది. ఉన్న కంటైనర్లను బాగుచేసి మూసను విడిచినచో, మరునాడు పుట్టు కంటైనర్ ఆ రోగముతోనే పుట్టును. మూసను మాత్రమే మార్చినచో పాతవి రోగముతోనే మిగులును.

ఓపెన్‌వీజెడ్ సాధనములలో ఈ రెండు పనులకు రెండు వేరు ఆజ్ఞలు కలవు: "వీజెడ్‌పికెజి అప్‌డేట్ క్యాష్" మూసను, "వీజెడ్‌పికెజి అప్‌డేట్" కంటైనర్‌ను నవీకరించును. ఈ విభజన సమంజసమే. కాని మొదటిదానిని నడిపినవాడు రెండవదియు జరిగినదని భ్రమించుట సులభము. సిద్ధముగా దింపుకొను మూటలకు ఈ పాటి సౌకర్యమును లేదు. క్రొత్త మూట కట్టువరకు అవి పాతబడియే యుండును. ఇది ఈ పద్ధతిలో మొదటి లోపము.

రెండవది, బావికిని మొక్కకును పొత్తు కుదరకపోవుట. పాత ఓపెన్‌వీజెడ్ కెర్నెల్ 2.6.32 శాఖకు చెందినది. 2018 నాటి ఉబుంటు 18.04లోని గ్లిబ్‌సి 2.27 గ్రంథాలయము 3.2 కంటె పాత కెర్నెల్‌ను అంగీకరింపదు. కనుక కంటైనర్‌కు కెర్నెల్ సంఖ్యను మార్చి చూపు ఏర్పాటొకటి చేసిరి. అది ఉపాయమే కాని చికిత్స కాదు.

మూడవది, ఆయుర్దాయము. సెంటోఎస్ 6కు 2020 నవంబరు 30న, సెంటోఎస్ 7కు 2024 జూన్ 30న మద్దతు ముగిసినది. తల్లిచెట్టే ఎండినప్పుడు దాని మూసను నవీకరించుట యనునది మాటయే. మరియొక మూసకు మారవలెను.

2013లో వచ్చిన డాకర్ ఒక మెట్టు పైకెక్కినది. మూటకు బదులు, మూసను తయారుచేయు విధానమునే వ్రాసి ఉంచుకొను అలవాటును అది వ్యాపింపజేసినది. అయినను ఆ విధానమును మరల నడపనిచో ఫలితము పాత మూటయే. కనుక దోషము ఓపెన్‌వీజెడ్‌ది మాత్రమే కాదు. మూసను ఒకమారు చేసి మరచు మన అలవాటుది.

ఉపాధ్యాయులు విద్యార్థులకు కంటైనర్‌ను సృష్టించుట నేర్పిన నాడే మూడు ప్రశ్నలను గూడ నేర్పవలెను: ఈ మూస ఏ తేదీది? దీనినుండి పుట్టినవి ఎన్ని, ఎక్కడ? దీని మద్దతు ఎప్పుడు ముగియును? వీటికి సమాధానము చెప్పలేనివాడు సర్వరును నడుపుచున్నాడనుట కంటె, సర్వరే వానిని నడుపుచున్నదనుట సత్యము.