సాయంకాలపు బడి చదువుకు కొలబద్ద ఏది?

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల విద్యార్థులు కొందరు దగ్గరి పల్లెలో బడి వదలిన తరువాత పిల్లలకు చదువు చెప్పుచుండేవారు. జూన్ నెలలో పిల్లలచేత ఒక చిన్న పేరా చదివించి, నాలుగు లెక్కలు చేయించి, మార్కులు వ్రాసిపెట్టుకొన్నాము. డిసెంబరులో మరల అదే కాగితము ఇచ్చినాము. మార్కులు బాగుగా పెరిగినవి. మేము సంతోషించుచుండగా ఒక కుర్రవాడు ఆ కాగితమును తలక్రిందులుగా పట్టుకొని పేరా అంతయు గడగడ అప్పజెప్పినాడు. ఆరు నెలల పాటు ఆ పేరా పిల్లల నోట నానుచునే ఉన్నదన్నమాట. మేము కొలిచినది వాని చదువును కాదు, జ్ఞాపకశక్తిని. కాగితము తయారుచేసినవాడను నేనే కనుక తప్పును మరొకరి మీదికి నెట్టుటకు వీలు లేకపోయినది.

అప్పటినుండి ‘పిల్లల చదువు ఇంత పెరిగినది’ అను అంకె ఎక్కడ కనబడినను, ఆ తలక్రిందుల కాగితము నాకు జ్ఞప్తికి వచ్చును. అట్టి అంకెలలో మనకు మిక్కిలి దగ్గరిది ఒకటి ఉన్నది. అది నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలలో జరిగిన ‘స్ట్రైప్స్’ అను ప్రయోగము. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఆ డివిజను నేడు తెలంగాణలో ప్రత్యేక జిల్లా. రష్మి లక్ష్మీనారాయణ, అలెక్స్ ఈబుల్ మొదలైన పరిశోధకులు దాని ఫలితములను 2013లో ప్రకటించినారు. పల్లెలలో పని నడిపినది నాంది ఫౌండేషన్. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో 2, 3, 4 తరగతుల పిల్లలకు బడి వేళ ముగిసిన పిదప గ్రామమునకు చెందిన స్వచ్ఛంద కార్యకర్తలు వెనుకబడిన పాఠములు చెప్పినారు, చదువుకొను సామగ్రి ఇచ్చినారు. ఇట్లు 18 నెలలు సాగినది.

ఈ ప్రయోగమును మెచ్చుకొనవలసిన మొదటి సంగతి, పోలిక లేనిదే కొలత లేదని వారు గుర్తించుట. జూన్‌లో చదవలేని పిల్లవాడు మరుసటి జూన్‌లో చదివినాడనుకొనుడు. ఆ ఘనత సాయంకాలపు తరగతిదేనా? పగటిపూట బడిలో ఉపాధ్యాయుడు ఊరకనే కూర్చుండలేదు గదా! పిల్లవానికి వయసు ఒక ఏడు పెరిగినది. ఇంటిలో అక్క కొంత చెప్పియుండవచ్చును. వీనినన్నిటిని తీసివేయుటకు ఒక్కటే ఉపాయము. సాయంకాలపు తరగతి తప్ప తక్కినవన్నియు ఒకే తీరుగా ఉన్న మరికొందరు పిల్లలను ప్రక్కన నిలిపి చూడవలెను. వారు 214 గ్రామములను తీసికొని, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా రెండు భాగములు చేసినారు. 107 గ్రామములకు చదువు, తక్కిన 107 గ్రామములు పోలికకు. పోలిక గ్రామములను వట్టి చేతులతో వదలివేయలేదు. అక్కడ తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యమునకు సంబంధించిన వేరొక ప్రయోగము నడిచినది. ఒకరికి పోలికగా మరొకరు నిలిచినారు. ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికలు ప్రక్కప్రక్కన పెట్టుట మనకు అలవాటే. పల్లెలను అట్లు పెట్టుట ఎంత కష్టమో, ఒక్క పల్లెలో ఒక్క తరగతి నడిపినవారికి తెలియును.

ఇక ఫలితము. భాష, గణితము కలిపి వేసిన మార్కులలో చదువు చెప్పిన గ్రామముల పిల్లలు నూటికి 15.8 మార్కులు ఎక్కువ తెచ్చుకొన్నారు. ఈ అంకెకు 95 శాతపు హద్దులు 13.1, 18.6. అనగా ఇట్టి ప్రయోగమును అనేక పర్యాయములు చేసి, ప్రతిసారి ఇదే పద్ధతిలో హద్దులు కట్టినచో, నూటికి 95 సార్లు అసలు తేడా ఆ హద్దుల మధ్య చిక్కును. దీనినే 0.75 ప్రమాణ విచలనము అని కూడ చెప్పినారు. 15.8ను 0.75 చేత భాగించినచో సుమారు 21 వచ్చును. పిల్లల మార్కులు సగటు చుట్టు ఆ మేరకు చెదరియున్నవన్నమాట. ఈ భాష విద్యార్థులకు కొరుకుడుపడకున్నచో ఇట్లు ఊహించుకొనవచ్చును. మార్కులు గంట ఆకారపు వక్రరేఖలో పరచుకొన్నవనుకొందము. పోలిక గ్రామముల నుండి 100 మంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెట్టి, చదువు చెప్పిన గ్రామముల నుండి నట్టనడిమి పిల్లవానిని తెచ్చి ఆ వరుసలో నిలిపినచో, వాడు సుమారు 77 మందిని దాటి నిలుచును. విద్యారంగమున ఇది చిన్న తేడా కాదు.

కాని మెచ్చుకొనుటతో విమర్శకుని పని తీరదు. చివరి పరీక్షలో ఒక వైపు 107 గ్రామముల నుండి 2,364 మంది, మరొక వైపు 106 గ్రామముల నుండి 2,014 మంది లెక్కలోనికి వచ్చినారు. గ్రామములు దాదాపు సమానమే, పిల్లలలో మాత్రము 350 తేడా ఉన్నది. పరీక్షనాడు బడికి రానివాడు ఎవడు? సాధారణముగా చదువు రానివాడే. అట్టివారు ఒక వైపున ఎక్కువగా ఇంటివద్ద నిలిచిపోయినచో సగటు దానంతట అదే జరుగును. 15.8 అంతటి తేడాను ఇది పూర్తిగా మ్రింగివేయునని నేను అనను. అయినను ఏ ఫలితమును చదివినను ముందుగా ‘ఎంత మంది వ్రాసినారు?’ అని అడుగుట మంచిది. అంతేకాక ఇచ్చట లెక్కకు నిజమైన మూలాంశము పిల్లవాడు కాదు, గ్రామము. ఒక ఊరి పిల్లలందరికి ఉపాధ్యాయుడు ఒకడే, కార్యకర్త ఒకడే, పంట పనులకు పిల్లలను పొలమునకు పిలిచే రోజులు కూడ ఒకటే. వారిని 4,378 వేర్వేరు సాక్షులుగా భావించుట తప్పు. పరిశోధకులు ఈ సంగతి ఎరిగి, గ్రామముల గుంపులను లెక్కలోనికి తీసికొన్నారు. మన పాఠశాలల ‘ఉత్తీర్ణతా శాతము’ ప్రకటనలలో ఈ జాగ్రత్త కనబడుట అరుదు.

నాకు తృప్తి కలిగించనిది ఆ ‘కలిపిన మార్కు’. ప్రధాన ఫలితముగా వారు ఎన్నుకొన్నది భాషను, గణితమును కలిపిన ఒక్క అంకె. ఇతరులు ఉదాహరించునది కూడ దానినే. నిధులిచ్చువారికి ఒక్క అంకె చాలును. ఉపాధ్యాయునికి చాలదు. తెలుగు చదువుటలో పిల్లవాడు ఆగే చోట్లు వేర్వేరు. ఒకనికి ‘పలక’ వచ్చును, ‘పిలుపు’ వద్ద గుడి, కొమ్ము కలిసి తికమక పెట్టును. వేరొకనికి గుణింతమంతయు వచ్చును, ‘పుస్తకము’లో వత్తు వద్ద నోరు ఆగును. లెక్కలలో 52 నుండి 37 తీసివేయుమన్నచో ఒకడు కాగితమును ఖాళీగా ఇచ్చును. ఇంకొకడు 25 అని వ్రాయును. ఈ రెండవవాడు ఏడులోనుండి రెండు, అయిదులోనుండి మూడు తీసివేసినాడు. పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనను నియమమును తనంతట తానే కల్పించుకొని నిష్ఠగా పాటించినాడు. మార్కుల పట్టికలో ఇద్దరికీ సున్నయే. మరునాటి పాఠము మాత్రము ఇద్దరికీ ఒకటి కాజాలదు. ఇక, బోధన, సామగ్రి రెండును కలిపి ఇచ్చినారు కనుక, ఆ 15.8లో దేని వాటా ఎంతయో ఈ ప్రయోగము విడదీసి చెప్పజాలదు.

అయితే వారు వేరుచేసి చూచినది ఒకటి ఉన్నది, నా అభిప్రాయములో గ్రంథమంతటిలో అదియే విలువైన భాగము. చదువు చెప్పిన గ్రామములలో 54 గ్రామములను మరల చీట్లు వేసినట్లే ఎంచి, అక్కడి బాలికలకు అదనముగా ఒక వస్తువుల కట్ట ఇచ్చినారు. మంచి ఉద్దేశము, చూడముచ్చటైన పని, ఛాయాచిత్రములకు కూడ అనుకూలమైనది. కట్ట అందిన 54 గ్రామముల 614 మంది బాలికలను, అందని 53 గ్రామముల 636 మంది బాలికలను పోల్చగా తేడా నూటికి 0.5 మాత్రమే. దానిని దాచిపెట్టక పరిశోధకులు సారాంశములోనే వ్రాసినారు. తమకు అనుకూలము కాని అంకెను ముందుపుటలో అచ్చువేయుటకు నిజాయితీ కావలెను. కాని ఇక్కడ కూడ చదువరి తొందరపడరాదు. ఆ 0.5కు హద్దులు −4.34 నుండి 5.4 వరకు. ‘కట్టలవలన లాభము లేదని తేలినది’ అనుట సరికాదు, ‘లాభము ఉన్నట్లు తేలలేదు’ అనవలెను. మరియు, అక్కడ కొలిచినది మార్కులను. కట్టవలన ఒక బాలిక బడి మానకుండ ఉండినదా అను ప్రశ్నకు మార్కులు జవాబు కావు. ఖర్చు విషయములో మాత్రము లెక్క స్పష్టము. కలిపిన మార్కు 0.1 ప్రమాణ విచలనము పెరుగుటకు కట్టలు లేనిచోట రూ. 382.97, ఉన్నచోట రూ. 480.59 అయినదట. హద్దులు అంత వెడల్పుగా ఉన్నప్పుడు పైసలవరకు లెక్క చెప్పుట ఎందుకో నాకు బోధపడలేదు.

కొలబద్ద పిల్లవాని వరకు అందకున్నచో ఏమగునో తెలిసికొనుటకు ఢిల్లీకి పోవలెను. 2015లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అక్కడి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల పిల్లలు 619 మందితో ఒక పరీక్ష నడిపి 2019లో ప్రకటించినారు. లాటరీలో గెలిచినవారు బడి అయిన తరువాత మైండ్‌స్పార్క్ కేంద్రములలో రోజుకు 90 నిమిషముల పాటు, సగము సేపు కంప్యూటరు వద్ద, సగము సేపు బోధకుని వద్ద చదివినారు. పిల్లవాని స్థాయి ఎక్కడ ఉన్నదో కనిపెట్టి అక్కడినుండి ప్రశ్నలు వేయుట ఆ కంప్యూటరు పద్ధతి. నాలుగున్నర నెలలకే గణితములో 0.37, హిందీలో 0.23 ప్రమాణ విచలనముల తేడా కనబడినది. కాని ఆ పిల్లల బడి పరీక్షలను చూడగా హిందీలో తేడా కనబడినది, గణితములో మాత్రము స్పష్టమైన తేడా లేదు! కారణము తెలిసికొన్నచో ఆశ్చర్యము ఉండదు. ఆరవ తరగతిలో ఉన్న సగటు పిల్లవాడు గణితములో సుమారు రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నాడు. వాడు మూడవ తరగతి స్థాయినుండి నాలుగవ దానికి ఎక్కినను, ఆరవ తరగతి ప్రశ్నపత్రములో వానికి చేయదగిన లెక్క ఒకటి అయినను దొరకదు. పాఠశాల రికార్డులలో వాడు నిన్న ఎంతయో నేడును అంతే. ఆ రికార్డులనే నమ్ముకొని ఎవరైనను ‘ఈ సాయంకాలపు తరగతులు వ్యర్థము’ అని మూసివేసియుండిన, నష్టపోవువారు ఆ పిల్లలే.

మన పాఠశాలలలో ఇంత పెద్ద ప్రయోగములు చేయనవసరము లేదు. 2005 నుండి ‘అసర్’ సర్వేలో వాడుచున్న చిన్న సాధనము ఉన్నది. అక్షరము, పదము, ఒకటవ తరగతి పేరా, రెండవ తరగతి కథ, ఇవి చదువులో మెట్లు. అంకెలను గుర్తించుట, అప్పు తెచ్చి తీసివేయుట, మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగించుట, ఇవి లెక్కలలో మెట్లు. పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని బిగ్గరగా చదివించవలెను కనుక, వానికి ఎక్కడ నోరు ఆగునో చెవికి తెలిసిపోవును. దానికి పై హద్దు ఉన్నదని మరువరాదు. రెండవ తరగతి కథ చదివినవాడు ఆ పైన ఎంత చదువగలడో ఆ కొలబద్ద చెప్పదు. హైస్కూలు ఉపాధ్యాయులు దానికి పైన తమ మెట్లు తామే కట్టుకొనవలసియుండును. మరియు, పేరాలు కనీసము మూడు నాలుగు రకములు సిద్ధము చేసికొని ప్రతిసారి మార్చవలెను. ఎందుకో మొదటనే చెప్పితిని.

మా కుర్రవానికి మరునాడు వేరొక పేరా ఇచ్చినాము. కాగితము ఈసారి సరిగానే పట్టుకొన్నాడు. మొదటి మూడు మాటలు కూడబలుక్కొని చదివి, నాలుగవదానిలో క్రిందనున్న వత్తు మీద వ్రేలు పెట్టి, ‘ఇదేంది సార్?’ అని అడిగినాడు.