బ్రేకప్ పాట: ఊరటా? నిష్ఠూరమా?

5.4.1 ప్రవేశిక

విప్రలంభ శృంగారంలోనూ కరుణ రసంలోనూ దుఃఖం ఉంటుంది. అయితే విప్రలంభంలో మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటుందని, కరుణలో ఆ ఆశకు తావు లేదని భరతుడు నాట్యశాస్త్రంలో వివరించాడు. మరి ప్రేమించిన మనిషి బతికే ఉండి, ఇక తిరిగి రానని తేల్చి చెబితే? ఆ దుఃఖం ఈ రెండింటి నడుమ చిక్కుకుంటుంది. పాశ్చాత్య జనప్రియ సంగీతంలోని 'బ్రేకప్ పాట'కు ఈ స్థితే మూలం.

మనసు విరిగినప్పుడు ఇటువంటి పాటలు వింటే ఊరట కలుగుతుందని చాలామంది చెబుతారు. ఆ ఊరట ఎలా కలుగుతుంది? అన్ని పాటలూ దాన్ని ఒకే తీరుగా ఇస్తాయా? పురుష గాయకుల పాటలు మూడింటిని తీసుకొని పరిశీలిద్దాం. వినేటప్పుడు మీరు ఒక ప్రశ్న వేసుకోండి: గాయకుడు ఎవరితో మాట్లాడుతున్నాడు?

5.4.2 తనతో తాను చెప్పుకోవడం

బాబ్ డిలన్ పాడిన 'డోంట్ థింక్ ట్వైస్, ఇట్స్ ఆల్ రైట్' 1963లో వెలువడింది. అంతకుముందు ఏడాది ఆయన స్నేహితురాలు చదువు కోసం ఇటలీ వెళ్లి, అక్కడే చాలాకాలం ఉండిపోయింది. ఆ ఎడబాటులో పుట్టిన పాట ఇది. దీన్ని ప్రేమగీతం అనుకోవద్దని, మనసు కుదుటపడటానికి మనిషి తనకు తాను చెప్పుకొనే మాట అని డిలన్ ఆల్బమ్ అట్ట వెనుక అచ్చయిన పరిచయంలో చెప్పాడు.

పాట పైకి ఆమెను ఉద్దేశించినదే. కాని జాగ్రత్తగా వింటే, బాధ లేదని అతడు నచ్చజెప్పుకొంటున్నది తనకే అని తెలుస్తుంది. గిటారు నడక తేలికగా సాగుతుంది. మాటల్లో మాత్రం నిష్ఠూరం పేరుకుపోతుంది. తన కాలాన్ని ఆమె వృథా చేసిందన్న నింద చివర్లో బయటపడుతుంది. ఆశ వదులుకున్నానని చెప్పే మనిషి ఇంకా లెక్కలు తేల్చుకుంటున్నాడు. ఈ వైరుధ్యమే పాటకు ప్రాణం. వినే వ్యక్తి తన బింకాన్ని ఇందులో చూసుకోగలడు.

5.4.3 మాటలు ఆగిన చోట

బిల్ విథర్స్ 'ఐన్ట్ నో సన్‌షైన్' 1971లో వచ్చింది. అప్పటికి ఆయన విమానాల విడిభాగాలు చేసే కర్మాగారంలో కార్మికుడు. పాట మధ్యలో రెండే రెండు చిన్న మాటలు 26 సార్లు వినిపిస్తాయి. అక్కడ వేరే మాటలు రాయాలని విథర్స్ అనుకున్నాడు. తోటి వాద్యకారులు అలాగే ఉంచమన్నారు.

ఆ సలహా పాటకు మేలు చేసింది. ఆమెను మరచిపోవాలని అతనికి తెలుసు. ఆ తెలివిడి మాత్రం దుఃఖాన్ని ఆపలేకపోతోంది. పునరుక్తి సాధారణంగా కావ్యదోషం. ఇక్కడ అదే భావానికి రూపం అయింది. ఇంకో విశేషం గమనించండి: ఈ పాటలో ఆమెను 'నువ్వు' అని నిలదీయడం లేదు. ఆమె లేని ఇల్లు ఎలా ఉందో చెప్పడమే ఉంది. అందుకే రెండు నిమిషాల ఈ చిన్న పాటలో నింద కనిపించదు.

5.4.4 ఆమె బదులు పలికితే

గోటియే పాడిన 'సమ్‌బడీ దట్ ఐ యూజ్డ్ టు నో' 2011 నాటిది. ఈ గాయకుడు బెల్జియంలో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగాడు. పాట సగం దాటేవరకు అతని ఫిర్యాదే వింటాం. ఆమె తనను పరాయివాడిలా చూసిందని మనమూ నమ్ముతాం. అప్పుడు న్యూజిలాండ్ గాయని కింబ్రా గొంతు ప్రవేశిస్తుంది. తప్పంతా తనదేనని అతడు నమ్మించిన రోజులను గుర్తు చేస్తుంది. ఆ తరువాత అవే పల్లవి మాటలు మళ్లీ వచ్చినా, మన చెవికి అవి ఇదివరకటిలా వినిపించవు. తీర్పు చెప్పేసిన శ్రోత దాన్ని తిరిగి ఆలోచించుకోక తప్పదు.

5.4.5 సమీక్ష

ఈ మూడు పాటలూ దుఃఖాన్ని పోగొట్టవు. దానికి ఒక ఆకారాన్ని, ఒక హద్దును ఇస్తాయి. పాట ముగియడంతో దుఃఖానికి కూడా ముగింపు ఉంటుందన్న నమ్మకం కలుగుతుంది. అయితే నిందతోనే నిండిన పాట అలా చేయలేదు. ఆమె నిరాకరణను ద్రోహంగా చిత్రించే పాట ఊరట ఇచ్చినట్టే ఇచ్చి కోపాన్ని పెంచుతుంది. కాదనే హక్కు ఆమెకు ఉందన్న సంగతిని మరపిస్తుంది. కోపంలో ఉన్నవాడికి ఎదురుచూపు తీరదు. అతడు ఇంకా ఆమె వైపే చూస్తుంటాడు. ఆ కారణంగా బ్రేకప్ పాట విలువను కట్టేటప్పుడు రాగమాధుర్యంతో పాటు, వెళ్లిపోయిన మనిషికి ఆ పాటలో ఎంత చోటు దక్కిందో కూడా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విథర్స్ పాటలో పునరుక్తి దోషం కాకపోవడానికి కారణం ఏమిటి?
2. మీకు నచ్చిన తెలుగు విరహగీతం ఒకటి తీసుకోండి. అందులో అవతలి మనిషికి మాట్లాడే అవకాశం ఉందా? పది వాక్యాలలో చర్చించండి.