సీమంతం నడిపే చెయ్యి

సీమంతానికి వెళ్ళినవాళ్ళు ముందు జడ చూస్తారు, తర్వాత చీర చూస్తారు, ఆపైన భోజనాల వైపు చూస్తారు. నేను కుర్చీ చూస్తాను. ఈ చూపు మా మేనత్త వల్ల అబ్బింది. రాజమండ్రి చుట్టుపక్కల మా బంధువుల్లో ఎవరి కోడలు నీళ్ళోసుకున్నా మొదటి కబురు ఆవిడకే వెళుతుంది. పురోహితుడు, వంటవాళ్ళు, పూలావిడ, గాజులావిడ ఎవరి పని వాళ్ళకి తెలుసు. ఆ పనులన్నీ కలిసి ఒక గర్భిణి ఒంటిమీద ఎంత బరువు పెడతాయో, ఎంతసేపు కూర్చోబెడతాయో లెక్క చూసే మనిషి మాత్రం మా అత్తే.

కుర్చీ సంగతే చూడండి. డెకరేషన్ వాళ్ళు తెచ్చే సింహాసనం ఎత్తుగా ఉంటుంది, పాదాలు నేలకి ఆనవు, వేలాడే కాళ్ళు గంట తిరక్కుండా వాస్తాయి. మెత్తటి సోఫాలో కూరుకుపోతే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. అత్త ఇంట్లోంచే చేతులున్న చెక్క కుర్చీ తెప్పించి, నడుం దగ్గర దిండు సర్దుతుంది. "పీట మీద కూర్చోబెట్టకపోతే ఎలా?" అని పెద్దవాళ్ళెవరైనా పట్టుబడితే గొడవపడదు. పసుపు రాసి బొట్లు పెట్టిన పీట తెచ్చి అమ్మాయి కాళ్ళ కింద వేస్తుంది. పీట ఉంది, ఆచారం ఉంది, పాదాలకి ఆనిక కూడా దొరికింది.

మా వైపు అయిదో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెస్తారు, ఏడో నెలలో సీమంతం చేస్తారు. తొమ్మిదిలో చేసేవాళ్ళూ ఉన్నారు. బేసి నెల అయితే చాలు. అత్త ఓటు ఏడుకే. తొమ్మిదో నెలలో ఏ రోజు ఏమవుతుందో చెప్పలేం, అంతమందిని పిలిచాక ముహూర్తం మార్చలేం. నెల తేలాక ఆవిడ రోజుని వెనకనుంచి కడుతుంది. హారతి అయిదున్నరకి అనుకుంటే గాజులు అయిదుకి, జడ నాలుగున్నరకి, అమ్మాయి భోజనం పన్నెండున్నరకి, ఆ తర్వాత తలుపులు మూసి రెండు గంటలు నిద్ర. ఆ నిద్రకి ఎవరూ అడ్డు రాకూడదని చుట్టాలని నాలుగున్నర దాకా పక్కింటి అరుగు మీదే మాటల్లో పెడుతుంది. ఇదీ ఆతిథ్యంలో భాగమే.

ఇక పూలజడ. వెనకటికి జడ అల్లి, ఆ జడకే నేరుగా మొగ్గలు కుట్టేవారు. పిల్ల గంటల తరబడి వీపు తిప్పి కూర్చునేది. పెళ్ళికూతురంటే ఓర్చుకుంటుంది, ఏడో నెల మనిషి ఓర్చుకోలేదు. అందుకని పూలావిడ జడని విడిగా తయారు చేసి, చివర్లో నాలుగుచోట్ల దారంతో బిగించేస్తుంది. ఆవిడ పని చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. కడియపులంక సంతనుంచి తెల్లవారుజామునే మల్లెమొగ్గలు వస్తాయి. మల్లె సాయంత్రం విచ్చుకునే పువ్వు; పూలజడ పని అంతా దానితో పోటీ. ఆకుపచ్చ ఛాయ ఉన్న మొగ్గని ఆవిడ పక్కన పడేస్తుంది, అది ఆ రోజు విచ్చుకోదు. తెల్లగా నిండి, కొన ఇంకా బిగుసుకుని ఉన్నది కావాలి. ఏరినవాటిని తడిగుడ్డలో మూటకడుతుంది.

జడకి ఆధారం అరటిబోదె పొర. పై పొరలు మందం, బరువు. లోపలి పల్చటి పొరలు తీసుకుని, అమ్మాయి జడ పొడవుకి, పైన వెడల్పు, కింద సన్నం వచ్చేలా కోస్తుంది. ఈమధ్య అందరూ అట్టముక్క వాడుతున్నారు. తేలికే, కానీ పూల తడికి వంగిపోతుంది. పొర అయితే తన చెమ్మతో మొగ్గని చల్లగా ఉంచుతుంది. సూది మొగ్గ పొట్టలో గుచ్చదు, కాడలో గుచ్చుతుంది. పొట్టలో గుచ్చితే ఆ మొగ్గ సాయంత్రానికి గోధుమరంగు తిరుగుతుంది. వరసకీ వరసకీ మధ్య కాడలు దాగిపోయేలా కింది వరస మొగ్గల తలలు పై వరస కాడల్ని కప్పుతాయి. అంచులకి కనకాంబరం. ఎర్రగా ఉంటుందని మాత్రమే కాదు, దానికి వాసన లేదు, బరువూ లేదు. మల్లె ఘాటుకి కొందరు గర్భిణులకి కడుపులో తిప్పుతుంది కదా. ఆ సంగతి ముందే అడిగి, అలాంటి అమ్మాయికి మల్లె తగ్గించి కనకాంబరం, చామంతి ఎక్కువ చేస్తుంది. జడబిళ్ళల్లో పైన సూర్యుడు, చంద్రవంక ఉంచి, మిగతా బంగారమంతా అత్త దాచేస్తుంది. జడ కుచ్చులు పట్టువే, వెండి గంటలు కావు. పూర్తయ్యాక పూలావిడ జడని అరచేతుల మీద అడ్డంగా ఎత్తి చూస్తుంది. బరువనిపిస్తే కిందనుంచి రెండు వరసలు తీసేస్తుంది. గంటసేపు కష్టపడి కుట్టిన వరసల్ని అలా విప్పడం చూసినప్పుడే ఆవిడమీద నాకు గౌరవం పెరిగింది.

గాజుల దగ్గర లెక్క మిల్లీమీటర్లకి దిగుతుంది. దుకాణంలో టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అంటారు. రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు: టూ సిక్స్ అంటే రెండంగుళాల మీద ఆరు పదహారో వంతులు, సుమారు 60 మి.మీ. వ్యాసం, టూ ఎయిట్ అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు, 63.5 మి.మీ. మధ్యలో తేడా మూడు మిల్లీమీటర్లే. ఏడో నెలలో వేళ్ళూ మణికట్టూ వాచి ఉంటాయి, పెళ్ళినాటి కొలత చెల్లదు. గాజులావిడ వారం ముందే వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, ఒక సైజు పెంచి రాసుకుంటుంది. గాజులు ఫిరోజాబాద్‌వే. ఆకుపచ్చ, ఎరుపు సరిపోతాయి, గాజుమీద రాళ్ళు అతికించినవి అత్త ఒప్పుకోదు, గీరుకుంటాయి.

తొడిగేటప్పుడు గాజులావిడ చెప్పే మాట ఒక్కటే: "ఈ చెయ్యి నీది కాదనుకోమ్మా." అమ్మాయి చెయ్యి వదిలేస్తే, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపుల్ని దగ్గరికి నొక్కి, గాజుని చిటికెనవేలి వైపునుంచి ఎక్కిస్తుంది. బిగిస్తే గాజు పగులుతుంది. ముత్తైదువలందరూ తలా రెండు తొడుగుతామంటారు కాబట్టి వాళ్ళ పళ్ళెంలో పెద్ద సైజువే పెడతారు. ఎవరి చెయ్యి తగిలినా సులువుగా దిగుతాయి. ఒంటికి అతికే గాజులు గాజులావిడే తొడుగుతుంది. మరీ బిగుతుగా తొడగడానికి ఆవిడ ఒప్పుకోదు. ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు ఆస్పత్రిలో గాజులు తీయమంటారు, అప్పుడు సబ్బునురగతో జారాలి.

ఇది ఇప్పటి సీమంతం. ఇంటి సంస్కారాలు చెప్పే పాత గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రంలో మాత్రం సీమంతం వేరుగా ఉంటుంది. మొదటి కాన్పుకి, నాలుగో నెలలో. మూడు తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి కలిపి పట్టుకుని భర్త పాపట పైకి దువ్వుతాడు. వీణ వాయించేవాళ్ళు పాడతారు, ఆ పాటలో తాము ఏ నది ఒడ్డున ఉంటున్నారో ఆ నది పేరు చెప్పాలి. మావాళ్ళయితే గోదావరి పేరే చెబుతారు మరి. మొలకెత్తిన యవలు తలకి కట్టుకున్నాక, చుక్కలు పొడిచేదాకా ఆమె మౌనంగా ఉండాలి. ఈ నియమం ఇప్పుడు తిరిగి తెస్తే బాగుండుననిపిస్తుంది. "ఎన్నో నెల, పాపా బాబా, వేవిళ్ళు తగ్గాయా" అని అడిగే ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పే పని తప్పుతుంది.

చలిమిడి అత్త సొంత పని, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. రాత్రి నానబెట్టిన బియ్యం వడగట్టి, గుడ్డమీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే పిండి పట్టిస్తుంది. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూతపెట్టి ఉంచుతుంది; ఆరితే చలిమిడి పలుకు తేలుతుంది. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండకట్టాలి, అంతకు ముదిరితే మర్నాటికి రాయి. దించాక పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలిపి నెయ్యి, యాలకులు, గసగసాలు, వేయించిన కొబ్బరిముక్కలు వేస్తుంది. ఒడిలో పెట్టేది ఎంతైనా నోటికి అందించేది మాత్రం ఉసిరికాయంతే. గర్భిణులకి షుగర్ పరీక్ష మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, ఏడో నెలకి ఆ కాగితం ఇంట్లో ఉంటుంది. అది చూశాకే అత్త పళ్ళేలు సర్దుతుంది. మిఠాయిల పళ్ళేలన్నీ చుట్టాల కోసం, పులిహోర కూడా వాళ్ళ కోసమే.

పేర్ల జాబితాలో మాత్రం ఆవిడ మొండితనం బయటపడుతుంది. పిల్లలు లేనివాళ్ళనీ, భర్త పోయినవాళ్ళనీ ఈ పేరంటాలకి పక్కన పెట్టడం చాలా ఇళ్ళలో ఇంకా నడుస్తోంది. అత్త ఎవరితోనూ వాదించదు. మొదటి అక్షింతలు వేయడానికి అమ్మాయి అమ్మమ్మని కుర్చీ పక్కనే కూర్చోబెడుతుంది, ఆ పెద్దావిడ భర్త పోయి ఎన్నేళ్ళయిందో ఎవరూ అడిగే లోపే పళ్ళెం ఆవిడ చేతిలో ఉంటుంది. తాంబూలాల సంచులు అందరికీ ఒకే కొలత: రవికె గుడ్డ, శనగలు, పండు, ఆకు వక్క, పసుపు కుంకుమలు. పేరు పిలిచి ఇస్తారు కాబట్టి ఎవరూ మిగిలిపోరు.

ఇప్పుడు హాళ్ళలో జరిగే సీమంతాలకి బెలూన్ల గోడలు, పొగ యంత్రాలు, ఉయ్యాలలు వస్తున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు సెలవురోజు చూసి చేసుకుంటూ, బట్టపూల జడ పెట్టుకుంటున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ జడ తేలిక, ముందురోజే సిద్ధం. పొగ యంత్రాన్ని మాత్రం క్షమించలేను.

హారతి అవగానే అత్త ఫొటోగ్రాఫర్‌కి పావుగంట ఇస్తుంది. "పిన్నీ, ఇంకో నాలుగు తీయిస్తానే" అని అమ్మాయి బతిమాలినా వినదు. జడని కిందనుంచి పైకి ముడులు తెంపుతూ విప్పుతుంది, పై ముడి ముందు తెగితే బరువంతా వెంట్రుకల్ని లాగేస్తుంది కాబట్టి. విప్పిన జడని కుర్చీ వీపుకి కట్టి, "దీన్ని తీసుకోవయ్యా ఎన్ని కావాలంటే అన్ని" అంటుంది. అతను తీయడం అయ్యాక అదే జడని కత్తెరతో ముక్కలు చేసి, వెళ్ళే ఆడవాళ్ళందరికీ తలా ఒక ముక్క తలలో పెట్టుకోమని ఇస్తుంది.