గండి – బంగారు తోరణము : కథాస్థల సందర్శనమును గూర్చి కొంత విచారము

కథలో చదివిన చోటును కన్నులార చూడవలెనను కోరిక పాఠకునకు సహజమైనది. ఈ కోరిక ఇటీవల మిక్కిలి ప్రబలినది. 2015, 2017 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన ‘బాహుబలి’ చిత్రములను చూచినవారు, హైదరాబాదు సమీపమున రామోజీ ఫిల్మ్ సిటీలో నిర్మింపబడిన మాహిష్మతిని చూడబోవుట మనమెరిగినదే. మాహిష్మతి యను పేరు పురాణప్రసిద్ధము. అది కార్తవీర్యార్జునుని రాజధాని. నర్మదాతీరమునందలి మహేశ్వరమే అదియని పలువురి మతము. అయినను ప్రేక్షకుడు నర్మదకు పోడు. కృత్రిమ ప్రాకారముల కడకే పోవును. అతడు వెదకునది పురాణమందలి నగరము గాక, తాను తెరపై చూచిన నగరము. ఇందు పరిహసింపదగిన దేమియు లేదు. కాని సాహిత్య విద్యార్థికి ఇచ్చట ఒక ప్రశ్న కలుగును: స్థలమును చూచుటవలన కథకు సంబంధించిన జ్ఞాన మేమైనను పెరుగునా?

ఈ ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చుచుండును. “స్థలమున్నది గావున కథ నిజ” మనువారొకరు. “అచ్చట ఆ చిహ్నములేవియు లేవు గావున కథ కల్ల” యనువారు వేరొకరు. ఈ ఇరువురును చేయు పొరపాటొక్కటే. కథను న్యాయస్థానములోని సాక్షిగా నిలువబెట్టుటే ఆ పొరపాటు. స్థలము కథకు సాక్ష్యము కాదు. అది కథ సమాధానము చెప్పవలసిన ప్రశ్న యని మా అభిప్రాయము.

ఈ విషయమును మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ తమ కూర్పులోనే నిరూపించుచున్నవి. పండ్రెండు భాగములుగా వెలసిన ఆ గ్రంథములో మణిసిద్ధుడను యతి పశులకాపరియగు ఒక బాలుని వెంటగొని కాశికి పోవుచుండును. మజిలీ చేసిన చోట బాలుడు ఏదో ఒక వింతను చూచి దాని వృత్తాంతము చెప్పుమని పట్టుపట్టును; యతి మణిప్రభావమున దానిని తెలిసికొని చెప్పును. చూపు ప్రశ్న, కథ సమాధానము. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ చిత్రమునకు మూలమీ కథలలోనిదే యని చెప్పుదురు. అయితే ఒక పరిమితిని గుర్తింపవలెను. ఇందు వింత కేవలము నెపము. కథ ఆరంభమగుటతోడనే మజిలీని విడిచి దూరనగరములకు, ద్వీపములకు ఎగిరిపోవును. కావున మజిలీలను పటములో గుర్తించి వెదకుచు పోవు పరిశోధకునకు శ్రమయే మిగులును.

స్థలమును విడువని కథకు ఉదాహరణముగా కడప మండలమునందలి గండిని గ్రహింతము. వేంపల్లికి సమీపమున పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చినచోటు గండి. చెరువుకట్ట తెగినను, కొండ తెగినను మన భాషలో గండియే. పెన్నానది లోయపైనున్న కోట గండికోట యగుటయు ఇట్లే. పాపఘ్ని పేరును భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసముదాయములోని ఒక శాఖకు పెట్టియున్నారు. ఇచ్చటి వీరాంజనేయస్వామి ఆలయమునకు శ్రావణ శనివారములలో జనులు విశేషముగా వత్తురు.

స్థలకథ యిది. ఇచ్చట తపము చేయుచున్న వాయుదేవుడు శ్రీరాముని ఆతిథ్యమునకు పిలిచెను. సీతాన్వేషణమున నున్న రాముడు తిరుగుప్రయాణమున వత్తునని మాట యిచ్చెను. ఆ రాకకై వాయువు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెను. రాముడు విడిది చేసి, బాణపుమొనతో శిలపై ఆంజనేయుని రూపమును గీసెను; చిటికెనవ్రేలు మాత్రము మిగిలిపోయెను. ఆ తోరణము నేటికిని కలదట; ప్రాణము విడువనున్న పుణ్యాత్మునకు మాత్రమే కనబడునట.

మేము కొందరు విద్యార్థులతో అచ్చటికి పోయినపుడు ఒకరు పైకి చూచుచు, “తోరణమేది?” అని నవ్విరి. ప్రక్కనున్న ఒక వృద్ధురాలు, “కనపడకపోవడమే మంచిది నాయనా” అనెను. మేము చదివిన వ్యాఖ్యానములకంటె ఆ మాట మాకు ఎక్కువ బోధించినది. ఇతర కథాస్థలములలో యాత్రికుడు కోరినది కానక నిరాశపడును. ఇచ్చట కానకుండుటే క్షేమము. కథ తన్ను తాను పరీక్షకు అందనీయక కాపాడుకొన్నది. చూచినవాడు చెప్పుటకు మిగులడు, చెప్పగలవాడు చూచియుండడు.

స్థలమును చూడక ఈ కథను చదివినచో తోరణము ఒక అలంకారముగా మాత్రమే తోచును. చూచినపుడు ఎదురెదురుగా నిలిచిన రెండు కొండలును వాకిటి ద్వారబంధములవలె నుండును. నడుమ ఏమియు లేదు. ఇంటికి అతిథి వచ్చునపుడు వాకిట తోరణము కట్టుట మన ఆచారము. ఆ శూన్యమే ప్రశ్న; తోరణమే సమాధానము.

ఇక చరిత్ర ఈ కథలో ప్రవేశించిన తీరు గమనింపదగినది. సర్ థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల కలెక్టరు. 1820లో మద్రాసు గవర్నరయ్యెను. 1827 జూలై 6వ తేదీన పర్యటనలో నుండగా పత్తికొండలో కలరావలన మరణించెను. ఆయన గండిలో తోరణమును చూచెననియు, అందుచేతనే మరణించెననియు జనులు చెప్పుకొనిరి. ఈ వదంతిని తోరణమునకు ఆధారముగా ఉదాహరించుట పరిశోధన కానేరదు. మరణకారణము కలరా, అందు సందేహము లేదు. కాని “మూఢవిశ్వాస” మని ఒక్కమాటతో త్రోసివేయుటయు పరిశోధన కాదు. సాక్షి దొరకుటకు వీలులేని కథకు, మరణమును తేదీతో సహా లోకమెరిగిన ఒక సాక్షి దొరికెను. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. తోరణము పుణ్యాత్మునకే కనబడును. ఆయనను మాండవ్య ఋషి యని పిలుచుకొన్న ఈ సీమ ప్రజలు, పరదేశపు పాలకుని ఆకస్మికమరణమునకు తమ కొండలలో ఒక గౌరవస్థానము కల్పించిరి. మంత్రాలయ గాథలో రాఘవేంద్రస్వామి దర్శనము ఆయనకు లభించినట్లు చెప్పుటయు ఇట్టిదే. ఈ గాథలు మన్రో చూచినదానిని తెలుపవు. ప్రజలు మన్రోను చూచిన తీరును తెలుపును.

కావున మాహిష్మతీ ప్రాకారములను చూచువాడు కథ ముందు, స్థలము వెనుక యైన సృష్టిని చూచుచున్నాడు. కాశీమజిలీలలో స్థలము కథను పుట్టించి విడిచిపెట్టును. గండిలో కథయు స్థలమును ఒకదానినొకటి విడువవు. ఈ భేదమును గుర్తించి స్థలకథలను సేకరించు విద్యార్థి కథతోపాటు కొండల అమరికను, నదిగతిని, చెప్పినవారి మాటతీరును కూడ వ్రాసికొనవలెను. కథ యొక్కటియే కాగితముపై మిగిలినచో దాని ప్రశ్న నశించును. శిలపై ఆ చిటికెనవ్రేలు అసంపూర్ణముగా నిలిచినట్లే, మన సేకరణములును చాలవరకు అసంపూర్ణముగా నున్నవి. వానిని పూరింప తొందరపడక, ఏది లోపించినదో ముందుగా చూచుట మన కర్తవ్యము.