గంటం నుంచి ఏదీ జాలువారదు

మొన్న ఒక కవితా సంపుటి ముందుమాట చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ కవి ‘ఘంటం’ నుంచి కవిత్వం జాలువారిందట. ఎన్ని ముందుమాటల్లో, ఎన్ని సన్మానపత్రాల్లో చూసుంటాం ఈ మాట! మామూలుగా చదివి దాటిపోతాం. ఈసారి దాటలేకపోయాను. అందులో తప్పులు రెండున్నాయి. ఒకటి అక్షరానిది, రెండోది ఊహది.

ముందు అక్షరం సంగతి. ఘంట అంటే గుళ్ళో మోగేది. తాటాకు మీద రాసే ఇనప పుల్ల గంటం. దానికి ఒత్తు అక్కర్లేదు. తెలుగులో గంటు అంటే కత్తితో పెట్టిన గాటు, గంటి అంటే గాయం. వీటి పక్కన పెట్టి చూస్తే, ఆ పనిముట్టు చేసే పనే దాని పేరయిందనిపిస్తుంది. కాదు, సంస్కృతంలో ముల్లుని చెప్పే కంటకానికి అది చుట్టం అన్నా నాకు పేచీ లేదు. ఎటునుంచి వచ్చినా మొన దగ్గరికే చేరతాం. ఒత్తు పెడితే మాటకి గాంభీర్యం వస్తుందని మనకో భ్రమ. ఇక్కడ మాత్రం మొన పోయి మోత మిగిలింది.

ఇక ఊహ. గంటంలో సిరా ఉండదు. కుడి చేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలి ఆనికతో ఆకు పైపొరని గీరుకుంటూ పోవాలి. అప్పటికింకా అక్షరం సరిగా కనపడదు. తర్వాత మసి పూసి తుడిస్తే, గీతల్లో నలుపు నిలబడి అప్పుడు తేలుతుంది. ముందు గాటు, ఆ తర్వాతే నలుపు. జాలువారడానికి అక్కడ ఏముంది? జాలువారడం కలానికి చెల్లే మాట. కలం మనకి అరబ్బీ నుంచి వచ్చింది. దాని వేరు రెల్లుపుల్ల అనే అర్థమున్న గ్రీకు కలమొస్ దాకా పోతుందంటారు. రెల్లుపుల్ల సిరా తాగుతుంది, కారుస్తుంది కూడా.

ఇదంతా పదాల పిచ్చి అనొచ్చు మీరు. కానీ రాయడం గురించి మనం ఏమనుకుంటున్నామో ఈ పోలికలే చెప్పేస్తాయి. జాలువారేదానికి వాలు ఉంటే చాలు. గంటం పట్టినవాడికి ప్రతి అక్షరానికీ చేతి బరువు తెలియాలి. ఎక్కువ నొక్కితే ఆకు చిరుగుతుంది, తక్కువైతే మసి నిలవదు. నేను కవితలో వెతికేది ఆ నొక్కు కోసమే.

రోమన్లకీ ఇలాంటి మొన ఒకటుండేది, మైనపు పలకల మీద రాయడానికి. ఆ స్టిలుస్ అనే మాటే ఇంగ్లీషులో స్టైల్ అయింది. (మన శైలి వేరు, అది శీలానికి చుట్టం.) దాని రెండో కొస చదునుగా ఉండేది, తప్పు రాస్తే మైనం సాపు చేసి చెరిపేసేవాళ్ళు. మన గంటాల్లో కొన్నిటికి రెండో కొసన ఆకు కోసుకునే కత్తి ఉంటుంది కానీ, చెరిపే కొస ఉండదు. అక్షరం వదిలిపోతే హంసపాదు పెట్టి పైన ఇరికిస్తారు. పొరపాటు చదివేవాడికి కనపడుతూనే ఉంటుంది. బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టుకుని రాసే మనకి ఆ భయం తెలీదు, ఆ జాగ్రత్తా తెలీదు.

ఇంతకీ ఆ సంపుటిలో ఒక మంచి కవిత ఉంది. చనిపోయిన అమ్మ పేరు రేషన్ కార్డులోంచి తీసేయించడానికి వెళ్ళిన కొడుకు గురించి. పన్నెండు పాదాలు. ఏడుపు అన్న మాట ఒక్కచోటా లేదు. క్లర్కు స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఆ పేరు మీద గీత గీస్తాడు, అంతే. చదివాక ఆ గీత మనతోనే వచ్చేస్తుంది. అంత పొదుపుగా రాయడానికి ఆ కవి ఎన్నిసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడో.

నాలుగు పేజీల ముందుమాటలో ఆ కవిత పేరు కూడా లేదు. జాలువారేవాటి కోసం వెతికేవాళ్ళ కంటికి గీసినవి ఆనవు మరి.