పాడేవాళ్ల బల్ల మీద

కారావోకే రాత్రికి పాడ్ థాయ్ చెప్పకండి. ఆ వంటకం మీద నాకు కోపమేమీ లేదు. పెనం మీంచి దిగిన వెంటనే తింటే చాలా బాగుంటుంది. కానీ అది ఆగదు. పేరు పిలిచారని లేచి వెళ్లి, ఒక పాట పాడి, పక్క బల్లవాళ్ల యుగళగీతంలో ఓ చరణం పంచుకుని తిరిగొచ్చేసరికి ఆ బియ్యపు నూడుల్స్ ముద్ద కట్టేసి ఉంటాయి. గ్రీన్ కర్రీ, అన్నం కూడా అంతే. అవి స్థిమితంగా కూర్చుని తినే భోజనాలు. పాడే రాత్రి ఎవరికీ కుర్చీలో స్థిమితం ఉండదు.

థాయ్‌లాండ్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు. పాటకూ, పానీయానికీ, కబుర్లకూ తోడుగా తినేవాటికి అక్కడ ‘కప్ క్లేమ్’ అని విడిగా ఒక తరగతే ఉంది. మనవాళ్లు మంచింగ్ అనేదానికంటే చాలా పెద్దది. వేయించిన జీడిపప్పు దగ్గర మొదలై, కింద నిప్పులతో బల్ల మీదే ఉడికే తొమ్ యమ్ దాకా పోతుంది. ముక్కముక్కగా తినొచ్చు, నలుగురూ ఒకే పళ్లెంలోంచి తీసుకోవచ్చు, నాలుగు పాటలైన తర్వాత తిన్నా దాదాపు అన్నీ అలాగే ఉంటాయి.

బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మా బల్లకు ఆర్డరు చెప్పేది ఆఫీసులో అందరికంటే పెద్దావిడ. అక్క వరస గనక అందరం ‘పీ’ అనే పిలిచేవాళ్లం. ఆమె మెనూ తెరిచేది కాదు. ఎవరు ముందు పాడతారో, ఎవరు తర్వాత పాడతారో కనుక్కుని దాన్నిబట్టి చెప్పేది. ఉప్పు, ఉల్లికాడలు, ఎండుమిరపకాయలతో వేయించిన జీడిపప్పు రాగానే, “నీకొద్దు, తర్వాతి పాట నీదే” అని పళ్లెం అవతలికి జరిపేది. పలుకు గొంతుకు అడ్డం పడితే పల్లవి పోయినట్టే. ఎవరి గొంతు ఎప్పుడు ఖాళీగా ఉండాలో చూసుకుంటూ బల్ల నింపడం నిజంగా ఒక విద్య. ఆమె దగ్గరే దాన్ని చూసి నేర్చుకున్నాను.

ఆమె మొదట చెప్పేది సాయ్ క్రోక్ ఈసాన్. పంది మాంసం, అన్నం, వెల్లుల్లి, ఉప్పు కలిపి పేగులో కూరి, చిన్న ఉండలుగా దారంతో కట్టి రెండు మూడు రోజులు వదిలేస్తారు. లోపలి అన్నం పులిసి ఆ పులుపు మాంసానికి ఎక్కుతుంది. తర్వాత బొగ్గుల మీద కాలుస్తారు. పక్కన పచ్చి అల్లం ముక్కలు, క్యాబేజీ, వేరుశనగ గింజలు, వేలి గోరంత మిరపకాయలు. ఒక ఉండ, ఒక అల్లం ముక్క, మిరపకాయ కొస. నోరు ఒక్కసారి మేలుకుంటుంది. చల్లారినా దాని రుచి దానికి ఉంటుంది. కారావోకేకు నేను మొదటి పీట వేసేది దీనికే.

ఒక్క పూట ఎండలో ఆరబెట్టి నూనెలో వేయించిన పంది మాంసం కూడా అలాంటిదే. ఎండుమిరప, చింతపండు, నామ్ ప్లా అనే చేపల రసం, వేయించి దంచిన బియ్యం కలిపిన ‘చేవ్’లో అద్దుకుని, వెదురు బుట్టలో వచ్చిన జిగట అన్నంతో తింటారు. మూత వేసిన ఆ బుట్టలో అన్నం చాలాసేపు వెచ్చగా, మెత్తగా ఉంటుంది. మాంసం తిననివాళ్లు పుట్టగొడుగుల లాప్ అనే సలాడ్ అడగొచ్చు. నామ్ ప్లా వద్దని మాత్రం విడిగా చెప్పాలి. చెప్పకపోతే పడుతుంది.

నిలవని వంటకం ఒకటుంది, అయినా దాన్ని వదలను. అది సోమ్ తమ్. మట్టి రోలు, కర్ర రోకలి. వెల్లుల్లి, మిరపకాయలు ముందు నలుగుతాయి. ఆ తర్వాత తాటిబెల్లం, అలసంద కాయలు, టమాటా, నిమ్మరసం, నామ్ ప్లా, సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి. ఒక చేత్తో దంచుతూ రెండో చేత్తో గరిటె పెట్టి అడుగుది పైకి తిప్పుతుంటారు. రాతి రోట్లో అయితే పచ్చడైపోయేది. ఇక్కడ బొప్పాయి కాస్త నలిగి రసం పీలుస్తుందే గాని చితికిపోదు. మిరపకాయలు ఎన్ని వేయాలో దంచే మనిషి ముందే అడుగుతుంది. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఒకటి. అయినా ఆ ప్రశ్నకు ఆంధ్రా పౌరుషంతో జవాబు చెప్పకండి, పాడాల్సిన గొంతు అది. ఉప్పూ పులుపూ తగిలిన బొప్పాయి త్వరగా నీళ్లు వదిలి కరకర పోగొట్టుకుంటుంది. అందుకని పెద్ద పళ్లెం ఒకటి చెప్పకుండా, చిన్నది చెప్పి, అయిపోయాక మళ్లీ తాజాగా దంచమనాలి.

అంత ఇబ్బంది ఉన్నా సోమ్ తమ్ ఎందుకంటే, అక్కడ పాడే పాటలకు అదే తోడు. పాటకు వాయిద్యాలు వినిపించే యంత్రాన్ని 1971లో జపాన్‌లోని కోబెలో ఇనోవే డైసుకె తయారుచేశాడు. థాయ్‌లాండ్‌లో దాని మీద ఏ పాటతో రాత్రి మొదలైనా, పెద్దవాళ్లున్న బల్ల దగ్గర చివరికి లూక్ థుంగ్ పాటలకే వస్తుంది. అవి పల్లె పాటలు. పొలం, అప్పు, పట్నం పోయి తిరిగిరాని మనిషి. ఈశాన్యాన ఈసాన్ ప్రాంతంలో వానలు నమ్మలేక, నేల పండక లక్షల మంది బ్యాంకాక్ చేరి భవనాలు కట్టారు, టాక్సీలు నడిపారు, ఇళ్లలో పనిచేశారు. పాలమూరు వలసలు తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. సోమ్ తమ్, లాప్, కాల్చిన కోడి, జిగట అన్నం వాళ్లతోనే రాజధానికి వచ్చాయి. బండ్ల మీద, రాచదమ్నోయెన్ బాక్సింగ్ స్టేడియం చుట్టుపక్కల కొట్లలో నిలదొక్కుకున్నాయి. ఆ పాటల్ని గుండెకు హత్తుకున్నదీ వాళ్లే.

లూక్ థుంగ్ ఈసాన్ ఒక్కదాని సొత్తు కాదు. దాని మహారాణి పుంపువాంగ్ దువాంగ్‌చాన్ మధ్య మైదానంలోని సుఫాన్ బురిలో పెరిగింది. చిన్నతనంలో చెరకు తోటల్లో పనిచేసింది. చదవడం, రాయడం రాదు. పాటలన్నీ చెవితో విని కంఠస్థం చేసింది. 1992లో లూపస్ జబ్బుతో చనిపోయేనాటికి 30 ఏళ్లే. కారావోకే తెర మీద అక్షరాలు రంగు మారుతూ సాగుతుంటే, ఆమె ఇవే పాటలు ఒక్క అక్షరం చదవకుండా పాడిందన్నది నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది. థాయ్ లిపి నాకూ రాదు. నాకు వచ్చిన కొద్ది పాటలూ ఆమె రికార్డులు వింటూ నేర్చుకున్నవే. అందులో ఒకటి సోమ్ తమ్ ఎలా దంచాలో చెప్పే పాట. రాసింది రాకుమారి సిరింథోన్. బల్ల మీదికి ఆ పళ్లెం వచ్చినప్పుడు ఆ పాట ఎత్తుకునే మనిషి తప్పకుండా ఒకరుంటారు. ఆ క్షణం కోసమైనా ఆ వంటకం చెప్పాలి.

నడిమధ్యలో తొమ్ యమ్ రావాలి, అదీ కింద నిప్పులున్న పొగగొట్టం కుండలో. గిన్నెలో పోసిచ్చేది వద్దు. నిమ్మగడ్డి, గలాంగల్, నిమ్మ జాతి ఆకులు నమలకుండా పక్కన పెట్టి, పాటకూ పాటకూ మధ్య రెండు చెంచాల పులుసు తాగితే గొంతు హాయిగా తెరుచుకుంటుంది.

హైదరాబాద్‌లో నేను చూసిన థాయ్ మెనూల్లో వీటిలో సగం కూడా కనిపించవు. త్యాగరాయ గానసభలో పాత పాటల కార్యక్రమాలకు జనం చేరే ఊరు ఇది. పాడాలన్న తపన మనకు తక్కువేమీ కాదు. పాడేవాళ్ల కోసం ఒక మెనూ రాసే హోటల్ ఒక్కటైనా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

బ్యాంకాక్‌లో అయితే పాటలు ముగిశాక ఇంటికి పోరు. ఖావ్ తొమ్ కొట్టుకు వెళ్తారు. చైనా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు తెచ్చిన పద్ధతి ఇది. పలచటి బియ్యపు జావ, నంజుకోవడానికి ఉప్పులో ఊరిన బాతు గుడ్డు, ముల్లంగి ఊరగాయ వేసిన ఆమ్లెట్, వెల్లుల్లి, మిరపకాయలు, పులియబెట్టిన సోయా గింజలతో మంట లేపి క్షణాల్లో వేయించిన తూటికూర. బొంగురుపోయిన గొంతులోకి ఆ జావ నమిలే పని లేకుండా దిగుతుంది. తూటికూర మాత్రం ఒక పళ్లెం నలుగురికి ఎప్పుడూ చాలదు. రెండు చెప్పండి.