నైట్ షిఫ్టు తేదీ

కంప్యూటరు కాలమును తేదీలుగా ఎరుగదు. 1970 జనవరి 1 నాటి గ్రీనిచ్ అర్ధరాత్రి మొదలు గడచిన సెకనుల మొత్తముగా మాత్రమే ఎరుగును. ఆ మొత్తమును జనులు చదువదగిన తేదీగా మార్చు స్టైల్‌షీటు వ్రాయుట నా వృత్తిలో ఒక చిన్న పని; కాని పగలును రాత్రియు షిఫ్టులలోనే గడచు మా బొగ్గుగనుల గోదావరిఖనిలో కూర్చుండి వ్రాయువానికి అది అంత చిన్నదిగా తోచదు.

ఇట్టి స్టైల్‌షీట్లను వ్రాయు భాషయైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ యొక్క 1999లో వెలువడిన మొదటి కూర్పునందు తేదీలకు ఫంక్షను ఒక్కటియు లేకపోవుటచే భాగహారములన్నియు మనమే చేసికొనవలసి యుండెను. 2007 నాటి రెండవ కూర్పు వచ్చిన పిమ్మట, ఆ 1970 నాటి ఆదిక్షణమునకు గడచిన సెకనుల వ్యవధిని కూడి ఫార్మాట్-డేట్‌టైమ్ అను ఫంక్షను చేతికిచ్చిన చాలును. అయినను పాత భాగహారమే విషయమును విశదపరచును.

ఉదాహరణకు, నూటడెబ్బది కోట్ల సెకనులను దినమునకు గల 86,400చే భాగింపగా 19,675 దినములు పోయి 80,000 సెకనులు మిగులును. అనగా 2023 నవంబరు 14, రాత్రి 10 గంటల 13 నిమిషములు. ఇది గ్రీనిచ్ లెక్క. భారత కాలమునకై అయిదున్నర గంటలు, అనగా 19,800 సెకనులు చేర్చినంతనే దినము నిండి పొరలి, నవంబరు 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషములగును.

ఆ వేళ బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు నడుచుచుండును. అర్ధరాత్రి దాటి సాగు షిఫ్టులో ఆ పిదప చేసిన గంటలను ముందటి దినపు లెక్కలోనే వేయవలెనని 2025లో రద్దగువరకు అమలులోనుండిన 1952 నాటి గనుల చట్టము 32వ సెక్షనులో విధించియుండెను. భూగర్భమున పనిచేయువానికి ఏడాదిలో 190 మస్టర్లు (హాజరులు) నిండిననే గాని ఆ చట్టము చొప్పున వేతనపు సెలవు దక్కెడిది కాదు గనుక, ఏ పని ఏ దినమునకు చెందునన్నది అతనికి పండితచర్చగా నుండెడిది కాదు.

విచిత్రమేమనగా, అయిదున్నర గంటల సవరణను మరచిన స్టైల్‌షీటు ఆ క్షణమునకు నవంబరు 14 అనియే చూపును. చట్టపు దినమును అదియే! చూచినవారు లెక్క కుదిరినదని తృప్తిపడుదురు. కాని గ్రీనిచ్ దినము మనకు ఉదయము అయిదున్నరకు మారును గనుక, అదే షిఫ్టువాడు ఆరింటికి నమోదు చేసిన పనికి తేదీ 15 పడును. ఇట్లు కాకతాళీయముగా కుదిరిన జవాబు తప్పు జవాబుకంటె చెడ్డది. తప్పును ఎవరైనను పట్టుకొందురు, దీనిని పట్టుకొనువారుండరు.

కావున నేను 19,800 చేర్చి గడియారపు తేదీని ఒక గడిలోను, షిఫ్టు ఆరంభక్షణమునుబట్టి కట్టిన షిఫ్టు తేదీని వేరొక గడిలోను వ్రాయింతును. మస్టరు చూచుకొనువానికి కావలసినది రెండవదే. మొదటిది లేనిదే దానిని ఎవరును సరిచూడజాలరు.